త్రాసమ్మ నోటి తీర్పు

త్రాసమ్మ గొంతు పెంచి పోట్లాడగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. మాంసం కొట్టువాడితో తగువు పడ్డ రోజున కూడా, పక్కింటివాళ్ళను జల్లెడ అడిగినంత నెమ్మదిగానే మాట్లాడింది.

ఆ కొట్టు వీధి మలుపులో, సైకిళ్ళ రిపేరు షాపును ఆనుకుని ఉంటుంది. ముందురోజు అక్కడ కొన్న మాంసం పొయ్యి మీద ఎంతసేపు ఉంచినా ఉడకలేదు. త్రాసమ్మ అందులోంచి రెండు ముక్కలు చిన్న గిన్నెలో వేసుకుని, మూత పెట్టి, వదినను వెంటబెట్టుకుని బయల్దేరింది. వదిన అంటే త్రాసమ్మ మొగుడికి స్వయానా అక్క. అదే ఇంట్లో వెనక గదిలో ఉంటుంది. తగువంటే పిలవకపోయినా వచ్చే మనిషి, పిలిస్తే ఆగుతుందా.

“లేత పొట్టేలన్నావు,” అంది త్రాసమ్మ, గిన్నె మూత తీసి చూపిస్తూ.

“లేతదేనమ్మా. నిన్న ఎంతమంది తీసుకెళ్ళారని. ఒక్కరు కూడా తిరిగి రాలేదు.”

“వాళ్ళింకా నములుతూ ఉండి ఉంటారు,” అంది వదిన.

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. కొట్టువాడికి ఆ నవ్వు మింగుడుపడలేదు. “వంట చేతకాక మాంసాన్ని అంటే ఎలాగమ్మా,” అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. త్రాసమ్మ గిన్నెను తీసుకెళ్ళి వాడి మొద్దు మీద, కత్తి పక్కనే పెట్టింది. “సరే, నాకు వంట రాదనుకో. నువ్వే ఒక ముక్క తిను. నమిలి మింగు. మింగేదాకా నేనిక్కడే నిలబడతాను.”

వాడు ఇదెంత పని అన్నట్టు ముక్క నోట్లో వేసుకున్నాడు. కుడి దవడ అయింది. ఎడమ దవడకు మార్చాడు. ఎవరో కాలేయం ఉందా అని అడిగితే చేత్తోనే ఉండమన్నాడు. మాట్లాడబోయాడు, కుదరలేదు. పక్క షాపతను పంక్చరు వదిలేసి వచ్చి గుడ్లప్పగించి చూశాడు. కొట్టువాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. త్రాసమ్మ మాత్రం చేతులు కట్టుకుని, పొంగబోతున్న పాలను చూసినట్టు వాడి దవడనే చూస్తూ నిలబడింది. చివరికి వాడు అటు తిరిగి, ముక్కను అరచేతిలోకి ఉమ్మేశాడు.

“ముసలి గొర్రె,” అంది త్రాసమ్మ. “పైగా కోసే ముందు బెదరగొట్టి పరిగెత్తించారు. నల్లగా, జిగురుగా ఉంది చూడు.”

వాడు మారు మాట్లాడకుండా వేరే మాంసం తూచి ఇచ్చాడు. ఆ రోజు నుంచి త్రాసమ్మ మలుపు తిరిగిందంటే చాలు, కత్తి కింద పెట్టి నిటారుగా నిలబడతాడు. ఈ కథ వదిన ఊళ్ళో చాలామందికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వాడు నమిలిన సేపు కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది.

త్రాసమ్మకు ఆ పేరు పుట్టింది పశువుల పరిశోధన కేంద్రంలో. ఆవిడ మొగుడు అక్కడే జీపు నడిపేవాడు. జీవాలకు కండ ఎలా పడుతుంది, ఏ మేతకు ఎక్కడ పడుతుంది, పడ్డ కండ కోశాక మెత్తగా ఉంటుందా, రబ్బరులా సాగుతుందా అన్నదే అక్కడివాళ్ళు రాత్రింబవళ్ళు పట్టుకు కూర్చున్న పని. ఒకవైపు గొర్రెల కొట్టాలు, మరోవైపు చల్లటి గది, మధ్యలో ప్రయోగశాల. ఉడికిన మాంసాన్ని కోసి, కోయడానికి ఎంత బలం పట్టిందో చెప్పే ఒక కత్తి యంత్రం కూడా ఉంది. కానీ కత్తికి ఆకలి లేదు కదా, దాని మాట సగమే నమ్ముతారు. మిగతా సగానికి మనుషుల నోళ్ళు కావాలి. అందుకని ఉద్యోగుల ఇళ్ళల్లోవాళ్ళను, చుట్టుపక్కలవాళ్ళను పిలిచి, పరీక్ష పెట్టి, రుచి చూసే బృందాన్ని తయారు చేసుకున్నారు.

పరీక్షకు వదినా మరదళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. మూడు పళ్ళేలు పెట్టి, రెండింట్లో ఒకటే మాంసం, ఒకదాంట్లో వేరేది, ఆ వేరేదేదో చెప్పమన్నారు. త్రాసమ్మ ప్రతిసారీ చెప్పింది. వదిన మూడూ తినేసి, “మూడూ బాగున్నాయి, ఇందులో పంచాయితీ ఏముంది,” అంది. ఆవిడను వంటగదిలో పళ్ళేలు కడగడానికి పెట్టుకున్నారు. తాను పరీక్ష తప్పలేదనీ, తెలివైన మనిషొకరు వంటగదిలో ఉండాలి కాబట్టే అక్కడ వేశారనీ వదిన అభిప్రాయం. గేటు మనిషి నుంచి పరిశోధన చేసే డాక్టరమ్మ దాకా అందరూ ఆవిడను వదినా అనే పిలుస్తారు.

రుచి చూసే గది చూస్తే బడిపిల్లలను శిక్షించడానికి కట్టినట్టుంటుంది. గోడ పొడుగునా చెక్కలు అడ్డుపెట్టి చేసిన ఇరుకిరుకు అరలు. ఒక్కో అరలో ఒక కుర్చీ, ఒక బల్ల, ఎదురుగా వంటగదిలోకి చిన్న కిటికీ. మాంసం రంగు చూసి మనసు మారిపోకుండా లోపల ఎర్ర దీపం వెలుగుతుంది. పళ్ళెం మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఒళ్ళంతా సెంటు కొట్టుకుని రాకూడదు, చేతులు సబ్బు వాసన కొట్టకూడదు, పక్క అరతో మాట్లాడకూడదు. పక్కపళ్ళతో కొరకాలి, నమలాలి, మింగాలి, ఒకటి నుంచి తొమ్మిదిలోపు ఒక అంకె వెయ్యాలి. తొమ్మిదంటే బహు మెత్తన. మళ్ళీ ఒక రొట్టె ముక్క, గుక్కెడు గోరువెచ్చని నీళ్ళు, ఇంకో పళ్ళెం.

చివరి అర త్రాసమ్మది. ఒకే మాంసాన్ని రెండు వేరే అంకెలతో వేరే రోజుల్లో పెట్టినా ఆవిడ నుంచి ఒకటే జవాబు వచ్చేది. డాక్టరమ్మ తబ్బిబ్బయిపోయి, “మీ నోట్లో త్రాసుందమ్మా,” అంది. పేరు అతుక్కుపోయింది. కొత్త విడత రుచి పరీక్షలు మొదలయ్యే ముందు అందరినీ తెల్ల దీపం కింద బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తెలిసిన మాంసమే తినిపించి, అంకెలు పైకి చెప్పిస్తారు. నోళ్ళన్నీ ఒక దారికి రావాలని. అక్కడ ఎనిమిదన్నవాళ్ళు కూడా త్రాసమ్మ ఆరంటే ఇంకో ముక్క నమిలి ఆరుకు దిగివచ్చేవారు.

డాక్టరమ్మ జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఒక మందను పెంచుతోంది. బొద్దు తొడల మంద అంటారు. అదే మేత, అదే నీళ్ళు, కానీ తొడలకూ నడుముకూ కూరినట్టు కండ పడుతుంది. రైతుకు అంతకంటే ఏం కావాలి. కానీ ఆ కండ కొరకరాని కొయ్య. అదొక్కటే దాని లోపం. దానికీ డాక్టరమ్మ ఒక విరుగుడు పట్టింది. కోసిన గొర్రెను కాలి మడమకు కాకుండా తుంటి ఎముకకు వేలాడదీయడం, చల్లటి గదిలో మామూలు కంటే ఇంకొన్నాళ్ళు ఉంచడం. అలా చేస్తే మెత్తబడుతుందా లేదా? ఇదే ఆఖరి విడత అని పైవాళ్ళు తేల్చి చెప్పారు. మెత్తబడితే మంద రైతుల కొట్టాల్లోకి వెళుతుంది. లేదంటే కబేళాకు లారీ ఎక్కుతుంది.

సరిగ్గా ఆ విడతకు గొర్రెలు ఎదుగుతున్న రోజుల్లో త్రాసమ్మ దవడ వాచింది.

పళ్ళ డాక్టరు అద్దం పెట్టి చూసి, అన్నీ తీసేయాలన్నాడు. “పక్కపళ్ళు కూడానా?” అని అడిగింది త్రాసమ్మ. “ముందు అవే,” అన్నాడతను. కేంద్రంలో చెల్లెలి ఊరు వెళుతున్నానని చెప్పి, ఆవిడ కిటికీ తెర లాగి ఇంట్లోనే కూర్చుంది. జావ తాగింది. చిగుళ్ళు ఆరాక పైనా కిందా కొత్త పళ్ళ సెట్టు వచ్చింది. మొగుడికి ఎవరితోనూ అనొద్దని చెప్పాల్సిన పని కూడా పడలేదు. ఆయన గమనించిందే పళ్ళు పెట్టుకున్నాక, అది కూడా, “ఏంటి, ఊరికే నవ్వుతున్నావు?” అని.

“పళ్ళు కట్టించుకోవడం దొంగతనమా ఏంటి?” అంది వదిన. “నావి నాలుగే ఉన్నాయి. ఊరందరికీ చూపిస్తూనే ఉన్నాను.”

“మీరు గిన్నెలు కడుగుతారు వదినా. దానికి పళ్ళతో పని లేదు.”

వదిన విసురుగా లేచి వెనక గదిలోకి వెళ్ళి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. కోపం వచ్చింది గానీ, ఆ మాట ఎందుకన్నదో ఆవిడకు తెలియకపోలేదు. కట్టుడు పళ్ళవాళ్ళు మెత్తదనానికి తీర్పు చెప్పడానికి పనికిరారని కేంద్రంలో నియమం. బృందంలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నానని పాపం నవ్వుతూ చెప్పాడు. చేతిలో పూలగుత్తి పెట్టి, ఫోటో తీసి, సాగనంపారు. మర్నాడు ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఇప్పటికీ అటు వెళితే గేటు దగ్గర ఆగి ఒకసారి లోపలికి తొంగిచూసి పోతుంటాడు.

కొత్త విడత మొదలైన పొద్దున్న డాక్టరమ్మ సహాయకుడు అలవాటు ప్రకారం అందరినీ అడిగాడు. “జలుబులేమైనా ఉన్నాయా? నోట్లో పుండ్లు? పళ్ళెలా ఉన్నాయి?”

“బాగున్నాయి,” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. త్రాసమ్మ కూడా అంది. అబద్ధమేం కాదు, పళ్ళు నిగనిగలాడుతూ బ్రహ్మాండంగానే ఉన్నాయి. కిటికీకి ఇవతల తడిగుడ్డ పట్టుకున్న వదినకు మాత్రం చెయ్యి ఆగిపోయింది.

బల్ల మీదికి మొదటి పళ్ళెం వచ్చింది. నడుము మాంసం, మెత్తటి రకమని అందరికీ తెలిసిందే. ఎనిమిదన్నారు, ఏడన్నారు. త్రాసమ్మ చాలాసేపు నమిలింది.

“ఐదు.”

బల్ల చుట్టూ దవడలు ఆగాయి.

“ఐదా అండీ?” అన్నాడు బృందంలోని దర్జీ. ఇంకో ముక్క తీసుకుని కళ్ళు మూసుకుని నమిలాడు. “నిజమే సుమండీ. మధ్యలో పీచు తగులుతోంది.”

“నాకూ అనుమానంగానే ఉండింది,” అంది ఆయన పక్కనున్న పంతులమ్మ. “నేను ఆరు చేసుకుంటాను.”

పళ్ళెం ఖాళీ అయ్యేసరికి అందరూ ఐదుకు చేరారు. మెత్తటి మాంసం గట్టిగా ఎందుకైందా అని సహాయకుడు తల గోక్కుని, మంట ఎక్కువ పెట్టావని వంటమనిషిని కేకలేశాడు. వంటమనిషి ఏడుపు మొహంతో వదిన వైపు చూసింది. వదిన కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

ఆ తర్వాత అసలు పళ్ళేలు మొదలయ్యాయి. మామూలుగా చివరి కిటికీలోంచి త్రాసమ్మ పళ్ళెం ఖాళీగా వచ్చేది, అంత శుభ్రంగా తినేది. ఇప్పుడు ఒక పక్క నొక్కుకుపోయిన ముక్కలు రొట్టె కింద దాక్కుని వస్తున్నాయి. వదిన వాటిని ఎవరూ చూడకముందే చెత్తబుట్టలో వేసేది. ఎందుకలా చేస్తోందో తనను తాను అడుక్కోలేదు.

సెలవు రోజున త్రాసమ్మ మాంసం వండింది. ఒక ముక్క కొరికి, ప్లేటు పక్కకు తోసేసింది. “కట్టె. వీడు మళ్ళీ మొదలుపెట్టాడు.” చిన్న గిన్నె, రెండు ముక్కలు, మూత. వదినకు చెప్పులు తొడుక్కునే టైము కూడా ఇవ్వలేదు.

కొట్టువాడు కత్తి కింద పెట్టాడు. ఈసారి వాడేమీ అనలేదు. చెప్పకముందే గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు దవడ ఆడింది, గొంతు కదిలింది, ముక్క లోపలికి వెళ్ళిపోయింది. వదిన చూసింది. త్రాసమ్మ కూడా చూసింది. వాడు త్రాసమ్మ మొహం చూసి, చేతులు తుండుకు తుడుచుకుని, “అవునమ్మా, ముదురే. పొరపాటైపోయింది. వేరేది ఇస్తాను,” అన్నాడు.

ఏ తగువూ లేకుండానే త్రాసమ్మ గెలిచింది. వదిన గిన్నెలో మిగిలిన ముక్క తీసి తన నాలుగు పళ్ళ మధ్య పెట్టుకుంది. వెన్నముద్దలా కరిగిపోయింది.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

“ఎలా ఉంది వదినా?”

“ఏది?”

“మీరు తిన్న ముక్క.”

“నా నాలుగు పళ్ళకేం తెలుస్తుందిలే.”

“నాతో అబద్ధాలొద్దు.”

“మెత్తగా ఉంది,” అంది వదిన. “పసిపిల్లలకు పెట్టొచ్చు.”

త్రాసమ్మ కొన్ని అడుగులు నడిచి, “అయితే వాడు భయపడి అన్నాడు,” అంది.

“వీడు భయపడే అన్నాడు. మరి అక్కడ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎందుకన్నారనుకుంటున్నావు?”

త్రాసమ్మ నడక ఆపేసింది. పక్కనుంచి సైకిలతను బెల్లు కొట్టి తిట్టుకుంటూ పోయాడు, ఆవిడకు వినపడలేదు. వదిన మాట విన్నాక కూడా తన నోరొక్కటే పాడైందనుకుంది. తన నోటి వెనకే మిగతా నోళ్ళన్నీ నడిచాయన్న సంగతి ఆవిడకు తట్టనే లేదు.

ఇంటికెళ్ళాక ఒక ఉపాయం పన్నింది. “రేపటి నుంచి నా నోటికి తోచినదానికి రెండు కలిపి వేస్తాను. ఐదనిపిస్తే ఏడు. సరిపోతుంది కదా?”

“మరి నిజంగా గట్టిగా ఉన్నవి?”

“వాటికీ రెండే.”

“కొట్టువాడు తక్కెడ మీద వేలు పెడితే మోసం. నువ్వు పెడితే లెక్కా?” అంది వదిన.

అయినా త్రాసమ్మ అలాగే చేసింది. కానీ కొత్త పళ్ళకు ఏ ముక్కైనా ఒక్కలాగే తగిలేది. ఏది నిజంగా గట్టిదో, ఏది తన పళ్ళు గట్టి చేసిందో తేలేది కాదు. కొన్నిటికి రెండు కలిపింది, కొన్నిటికి ఒకటే కలిపింది, కొన్నిటికి కలిపిందో లేదో మరిచిపోయి వేళ్ళు మడుచుకుంటూ కూర్చుండిపోయింది. ఎర్ర దీపం కింద ఆవిడ అంతసేపు కూర్చోవడం ఎన్నడూ లేదు. సహాయకుడు కిటికీ మీద కొట్టి, “అమ్మా, అయిందా?” అని అడగాల్సి వచ్చింది. వదిన ఈ పక్కనుంచి చెక్క సందులోకి వంగి, “మింగేశావా, మంచం ఎక్కేశావా?” అని గొణిగింది.

విడత ముగిసింది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వంటగదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని, వదిన ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. తాగలేదు.

“మాంసం మెత్తబడిందని యంత్రం ఒక్కటే అంటోంది వదినా. నోళ్ళన్నీ లేదంటున్నాయి. కత్తిలో తేడా వచ్చిందేమోనని కొత్తది వేయించాను, అయినా అదే మాట.”

యంత్రానికి పళ్ళు మార్పించారా తల్లీ, అనుకుంది వదిన లోపల. పైకి, “ఇంకోసారి తినిపించి చూడకూడదా?” అంది.

“సగం మాంసం ఫ్రీజర్లో దాచే ఉంచాను. కానీ ఏమని చెప్పి తినిపించను? నాకు నచ్చని జవాబొచ్చింది కాబట్టి మళ్ళీ తినండనా? దానికి పైవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మిగతావాళ్ళను పక్కన పెట్టినా, ఆ చివరి అరలోంచి వచ్చిందాన్ని కాదని నేనెలా అంటాను?” గ్లాసు చుట్టూ వేలు తిప్పింది. “గురువారం లారీ వస్తోంది.”

ఉన్న మాట మొహం మీద అనేస్తుందని వదినకు ఊళ్ళో పేరు. ఆ రోజు ఆవిడే నీళ్ళు నమిలింది. ఒక్క మాట అంటే చాలు. కానీ అది తన నోటి నుంచి వస్తే ఇంటి గుట్టు బయటపెట్టడం అవుతుంది, త్రాసమ్మ నోటి నుంచి వస్తేనే తీర్పవుతుంది. వదిన తడిగుడ్డను పిండింది, చుక్క నీరు లేకుండా పిండింది. డాక్టరమ్మ లేచి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆ సాయంత్రం వదిన సంగతంతా చెప్పేసింది. త్రాసమ్మ బట్టలు మడతపెడుతూ విన్నది.

“మీరు చెప్పేస్తారా?”

“నేనెందుకు చెప్తాను. నాకేం పని. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఆ కుర్చీ నీదే. దాన్ని ఇంటికి తెచ్చుకుని వరండాలో వేసుకో.”

“వెటకారం వద్దు వదినా.”

“వెటకారం లేకపోతే నాకు ఊపిరాడదు.”

త్రాసమ్మ ఒక చొక్కాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. “మీ తమ్ముడు ఇన్నేళ్ళలో నేను వండింది బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. రేడియో వింటూ తినేస్తాడు. అక్కడ నేను ఒక అంకె వేస్తే, అంత చదువుకున్న మనిషి తల వంచుకుని రాసుకుంటుంది. గడియారాల పెద్దాయనలా నేను కూడా గేటు దగ్గర నిలబడి తొంగిచూడాలా?”

వదిన కూడా ఒక చొక్కా తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ముందు గదిలో తమ్ముడు రేడియో గొంతు పెంచాడు.

గురువారం వదిన వెళ్ళేసరికే లారీ వచ్చి ఉంది. వెనక చెక్క పలక దించి ఉంది. గొర్రెల కాపరి కొట్టం తలుపు తీయడానికి ఎప్పుడూ లేనంత ఆలస్యం చేస్తున్నాడు. గడియ బిగిసిందంటాడు, తాడు కనిపించడం లేదంటాడు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. మంద బెదిరి ఒక మూలకు పోయింది.

ఆ రోజు బృందానికి పని లేదు. అయినా త్రాసమ్మ వచ్చింది. తిన్నగా వంటగదిలోకి వచ్చి, వెనక కిటికీ దగ్గర నిలబడింది. రుచి చూసేవాళ్ళు కొట్టాల వైపు వెళ్ళకూడదు. అందుకని ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకున్న మందను ప్రాణంతో ఎప్పుడూ చూడలేదు.

“ఇవేనా?”

“ఇవే,” అంది వదిన.

“లాగులో దూది కుక్కుకున్నట్టు నడుస్తున్నాయే.”

“నడవనీ. ఇంకెంత దూరంలే.”

త్రాసమ్మ తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. ఎదురుగా డాక్టరమ్మ గది. తలుపు కొట్టడం, లోపలికి వెళ్ళడం వదిన చూసింది. గిన్నె కడిగే లోపే తిరిగొచ్చేసింది.

“చెప్పావా?”

“టీ తాగారా అని అడిగాను.”

“భేష్.”

మళ్ళీ వెళ్ళింది. బయట కాపరి గడియ తీసిన చప్పుడైంది. “రండమ్మా, రండి,” అని పిలుస్తున్నాడు. మొదటి గొర్రె పలక మీద కాలు పెట్టి, కాలు వెనక్కు తీసుకుంది. త్రాసమ్మ ఈసారి కూడా తిరిగొచ్చింది. మొహం పాలిపోయింది.

“‘నవ్వు బాగుందమ్మా, చెల్లెలి ఊరి నీళ్ళు పడ్డట్టున్నాయి’ అంది డాక్టరమ్మ. థాంక్స్ అన్నాను.”

ఏదైనా అంటే ఆ మనిషి అలాగే గేటు దాటి ఇంటికి వెళ్ళిపోతుందని వదినకు అనిపించింది. డ్రైవరు లారీ ఇంజను వేశాడు. కిటికీ అద్దం సన్నగా అదిరింది.

త్రాసమ్మ పళ్ళేలు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది. భుజాలు ఒకసారి కదిలాయి. కుళాయి తిప్పింది, ఏదో కడిగింది, కుళాయి కట్టేసింది. ఇటు తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు వైపు లేచి, వదినకు తెలియని మనిషెవరో ఎదురుగా నిలబడినట్టుంది. ఒకే కప్పు కింద ఉంటూ కూడా ఆ మొహాన్ని వదిన ఇంతవరకు చూడలేదు. తమ్ముడు కూడా చూసి ఉండడు.

ఆవిడ వదిన భుజం మీది పొడిగుడ్డ లాక్కుని, పళ్ళ సెట్టును అందులో చుట్టి, వదిన చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

“ఇలాగే వెళ్తావా?” అంది వదిన.

“ఇలాగే.”

“ఆవిడ జడుసుకుంటుంది.”

“జడుసుకోనివ్వండి. ఇవి నోట్లో ఉన్నంతసేపూ టీ తాగారా అన్న మాట తప్ప ఇంకో మాట రావడం లేదు. ఈ మొహం చూశాక నేను చెప్పకపోయినా ఆవిడే అడుగుతుంది.” మాటలు చిగుళ్ళ మీద జారుతున్నాయి. వినడానికి వదిన ఇంకా దగ్గరికి జరగాల్సి వచ్చింది. “మీరు ఈ తలుపు దగ్గరే ఉండండి వదినా. నేను లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి చెయ్యి చాపుతాను. నా సంగతి నాకు తెలుసు. అప్పుడు ఇవ్వకండి. బతిమాలినా, మీ తమ్ముడి మీద ఒట్టేసినా ఇవ్వకండి. ఆ లారీ ఇంజను ఆగిన చప్పుడు మీ చెవులతో విన్నాకే ఇవ్వండి.”